చెక్క పనికి కడిగి వాడుకునే డస్ట్ మాస్క్ ఏది కొనాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: మేడ మీద రేకుల షెడ్డు వేసుకుని ఏడాదిగా సెలవు రోజుల్లో చెక్క పని చేస్తున్నారు. ఎక్కువగా ప్లైవుడ్, ఎండీఎఫ్ (చెక్క పీచుని జిగురుతో నొక్కి చేసే పలక), అప్పుడప్పుడు పాత టేకు. ఇన్నాళ్లూ గుడ్డ మాస్కే కట్టుకున్నారు, రాత్రి ముక్కు చీదితే గోధుమరంగు పొడి వస్తోంది. కళ్లద్దాలున్నాయి, కొంచెం గడ్డం ఉంది. మూడు వేల లోపు మళ్లీ మళ్లీ వాడుకునే మాస్క్ ఒకటి చెప్పమన్నారు, పాలిష్‌కి కూడా అదే సరిపోతుందా అని చివర్లో అడిగారు.

ముందు సూటిగా జవాబు. మెత్తటి రబ్బరు లేదా సిలికాన్ హాఫ్ మాస్క్, అంటే ముక్కు, నోరు, చుబుకం కప్పేది, దానికి రెండు పక్కలా పీ100 లేదా పీ3 రకం పొడి ఫిల్టర్లు (ఈ గుర్తుల అర్థం కింద చెబుతాను). మీ మొహానికి సరిపోయే సైజు. గడ్డం గీసేయాలి. పాలిష్‌కి మాస్క్ అదే చాలు, ఫిల్టర్లు మాత్రం వేరే కావాలి. మీరు పేర్లు రాసిన రెండింటిలో, అంటే త్రీఎం కంపెనీ 6200, 7502లలో ఏది కొన్నా తప్పు కాదు. రెండింట్లో మీ దవడకి ఏది అతుక్కుని కూర్చుంటే అది.

ఇరవై రెండేళ్లుగా రాజమండ్రి దగ్గర ఫర్నిచర్ వర్క్‌షాప్ నడుపుతున్నాను. అందులో మొదటి తొమ్మిదేళ్లు నేనూ తువ్వాలే కట్టుకున్నాను. మా మేస్త్రీ అదే కట్టేవాడు, ఆయనకు నేర్పినాయన అదీ కట్టేవాడు కాదట. పని అయ్యాక బెల్లం ముక్క నోట్లో వేసుకుంటే గొంతులో పొడి కిందికి దిగిపోతుందని మా వాళ్లందరి నమ్మకం. గొంతులో ఉన్నది దిగుతుందేమో, ఊపిరితిత్తుల్లోకి వెళ్లినదాన్ని బెల్లం ఏమీ చేయలేదు. మా మేస్త్రీకి యాభై దాటాక వాసన తెలియడం పోయింది. సీలర్ డబ్బా మూత తీసి ముక్కు దగ్గర పెట్టినా తెలిసేది కాదు. దానికి కారణం పొడేనని డాక్టరు రాసివ్వలేదు కాబట్టి నేనూ ఖాయంగా అనను. కానీ ఆయన్ని చూశాకే నాకు భయం పట్టుకుంది, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

మీకు ముక్కులోంచి కనిపిస్తూ వచ్చే పొడి ముక్కుకి మంచిది కాదు గానీ, ఊపిరితిత్తుల దాకా పోయేది అది కాదు. అది పెద్ద రేణువు, ముక్కు వెంట్రుకలకే ఆగిపోయింది. మన వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) అనుకుంటే, శాండర్, అంటే చెక్కని నున్నగా అరగదీసే మిషన్, లేపే పొడిలో 10 మైక్రాన్ల కంటే సన్నటిది బోలెడు ఉంటుంది. అందులో నాలుగైదు మైక్రాన్ల లోపుది ఊపిరితిత్తుల చివరిదాకా పోతుంది. అది కంటికి ఆనదు. రేకు సందులోంచి ఎండ పడినప్పుడు ఆ వెలుగులో తేలుతూ కనిపిస్తుందే, అది కూడా అందులో కాస్త పెద్దదే. చిత్రిక పట్టినప్పుడు రాలే చుట్టల పొట్టుతో ఏ గొడవా లేదు, ఊడ్చి పొయ్యిలో వేసుకోవచ్చు. గొడవంతా శాండింగ్, రౌటర్ (గాడులు, అంచులు కోసే మిషన్), ఎండీఎఫ్ కోతలతోనే.

చెక్క పొడి క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే మొదటి గ్రూపులో పెట్టింది. పొగాకు పొగ, ఆస్బెస్టాస్ ఉండేది కూడా ఆ గ్రూపులోనే. అంటే అన్నీ ఒకే అంత ప్రమాదమని కాదు, క్యాన్సర్ తెస్తుందనడానికి సాక్ష్యం గట్టిగా ఉందని అర్థం. 1960లలో ఇంగ్లండ్‌లో కుర్చీల తయారీకి పేరున్న హై వైకోంబ్ ప్రాంతంలో, మామూలుగా చాలా అరుదుగా వచ్చే ఒక రకం ముక్కు క్యాన్సర్ ఫర్నిచర్ పనివాళ్లలో ఎక్కువగా కనిపించడంతో డాక్టర్లు దీని వెంట పడ్డారు. అది ఏళ్ల తరబడి రోజూ పీల్చినవాళ్ల సంగతి. సెలవు రోజుల్లో చేసేవాళ్లకు అంత ఉండదు, టెన్షన్ పడకండి. కానీ ఉబ్బసం, అలర్జీ రావడానికి అన్నేళ్లు అక్కర్లేదు. నాకే వచ్చింది.

ఒకసారి పాత రోజ్‌వుడ్ పందిరి మంచం బాగుచేయడానికి వచ్చింది. మా దగ్గర ఇరుగుడు అంటారు. పాత పాలిష్ గీకి, నాలుగు రోజులు శాండింగ్ చేశాను, మొహానికి తువ్వాలే. మూడో రోజు రాత్రి నుంచి పిల్లికూతలు మొదలయ్యాయి, పడుకుంటే ఊపిరి అందదు. డాక్టరు ఊదించే పరీక్ష చేసి, ఏం పని చేస్తావని అడిగి, ఇన్‌హేలర్ రాసి, మాస్క్ లేకుండా ఆ కర్ర ముట్టుకోవద్దని గట్టిగా చెప్పారు. రోజ్‌వుడ్ జాతి కర్రలు అలర్జీ తెప్పించడంలో పేరుపడ్డవి. టేకు పొడి కొందరికి చర్మం మీద దద్దుర్లు తెస్తుంది. వేప కోస్తే తుమ్ములు ఆగవు, ముక్కూ గొంతూ మండుతాయి. ఒకసారి ఒంటికి పడకపోవడం మొదలైతే ఆ తర్వాత కొంచెం పొడికే తిరగబెడుతుంది. అంతకుముందు ఎన్ని రోజ్‌వుడ్ పనులు చేశానో, ఏమీ కాలేదు. ఆ మంచం తర్వాత నుంచి ఆ కర్ర షాపులోకి వస్తుంటేనే మాస్క్ చేతిలోకి తీసుకుంటాను.

ఇక కొనే సంగతి. మీరు ఫొటో పెట్టిన మూడు వందల రూపాయల మాస్క్, రెండు డబ్బాలతో పెద్ద మాస్క్‌లాగే కనిపిస్తుంది చూడండి, అలాంటిది మా కుర్రాడు ఒకడు కొనుక్కొచ్చాడు. డబ్బా తిప్పి తెరిస్తే లోపల పల్చటి దూది బిళ్ల ఉంది. దాని మీద గానీ పెట్టె మీద గానీ ఏ ప్రమాణం నంబరూ లేదు. నంబరు లేని ఫిల్టర్ కొనకండి. అమెరికా ప్రమాణమైతే ఎన్95, పీ100 అనీ, యూరప్ ప్రమాణమైతే పీ2, పీ3 అనీ ఫిల్టర్ మీదే అచ్చువేసి ఉంటుంది. వాడి పారేసే మాస్క్‌లకు మన ఐఎస్ఐ ప్రమాణం ఐఎస్ 9473, వాటి మీద ఎఫ్‌ఎఫ్‌పీ1, ఎఫ్‌ఎఫ్‌పీ2, ఎఫ్‌ఎఫ్‌పీ3 అని ఉంటుంది. ఎన్95 అంటే పట్టుకోవడానికి అన్నిటికంటే కష్టమైన, 0.3 మైక్రాన్ల దరిదాపు రేణువుల్లో కూడా కనీసం 95 శాతం ఆపాలి. పీ100 అయితే 99.97 శాతం. ఎన్ అంటే నూనె తుంపరకు తట్టుకోదు, పీ అంటే తట్టుకుంటుంది.

ఇక్కడ చాలామంది శాతాలు చూసి ఆగిపోతారు. 95కీ 99.97కీ ఉన్న తేడా కంటే ముక్కు పక్కన ఉన్న చిన్న సందు పెద్ద తేడా. గాలి ఎప్పుడూ తేలికగా దొరికిన దారిలోనే వస్తుంది. సందు ఉంటే ఫిల్టర్‌ను వదిలేసి అక్కడి నుంచే లోపలికి లాగుతుంది. పీ100 ఫిల్టర్ పెట్టుకుని వదులుగా తగిలించుకున్నవాడికంటే, మామూలు ఎన్95ని మొహానికి బిగుతుగా పెట్టుకున్నవాడే నయం. అందుకే నేను మాస్క్ కొనేటప్పుడు ఫిల్టర్‌కి పావు వంతు, మొహానికి కుదరడానికి ముప్పావు వంతు మార్కులు వేస్తాను. మరి పీ100 ఎందుకు చెప్పానంటే, ధరలో తేడా పెద్దగా లేదు, పైగా ఆ గులాబీరంగు పలుచటి బిళ్లలతో ఊపిరి తేలిగ్గానే ఆడుతుంది.

సైజు గురించి. త్రీఎం 6000 వరుసలో 6100 చిన్నది, 6200 మధ్యది, 6300 పెద్దది. 7500 వరుసలో అలాగే 7501, 7502, 7503. ఈ 7500 సిలికాన్, మెత్తగా ఉంటుంది, చెమటలో కూడా చర్మానికి అతుక్కుంటుంది, కొంచెం ఖరీదు ఎక్కువ. 6000 వరుస తేలిక, ధర తక్కువ. రెండింటికీ ఫిల్టర్లు ఒకటే సరిపోతాయి, తిప్పితే టక్కున బిగుసుకుంటాయి. హనీవెల్, వీనస్ లాంటి వేరే కంపెనీలవి కూడా ఉన్నాయి. ఏ కంపెనీదైనా పర్వాలేదు, ఒక్కటి చూసుకోండి: ఆ మాస్క్‌కి మార్చుకునే ఫిల్టర్లు మీ ఊళ్లోనో ఆన్‌లైన్‌లోనో ఏడాది తర్వాత కూడా దొరకాలి. ఒక కంపెనీ ఫిల్టర్ ఇంకో కంపెనీ మాస్క్‌కి పట్టదు, పట్టినట్టు కనిపించినా పెట్టకూడదు.

మగవాళ్లు చాలామంది పెద్ద సైజు కొంటారు. మా పాలిష్ మేస్త్రీ మనిషి లావు, బుగ్గలు నిండుగా ఉంటాయి, పెద్దదే కొన్నాడు. వారం తర్వాత చూస్తే ముక్కు దూలం పక్కన రోజూ పొడి గీత. మనిషి లావుతో సంబంధం లేదు, ముక్కు దూలం నుంచి చుబుకం దాకా ఉన్న పొడవును బట్టి సైజు. ఆయనకు మధ్య సైజు సరిగ్గా కుదిరింది. వీలైతే హైదరాబాద్ రాణిగంజ్ లాంటి చోట సేఫ్టీ సామాన్ల దుకాణానికి వెళ్లి మొహానికి పెట్టి చూసి కొనండి. ఆన్‌లైన్‌లో అయితే వెనక్కి తీసుకుంటారో లేదో ముందే చూసుకోండి, మొహానికి పెట్టుకునే సరుకు కాబట్టి చాలామంది తీసుకోరు.

పెట్టుకున్న ప్రతిసారీ చేయాల్సిన పరీక్ష ఒకటుంది. అర నిమిషం పని. మాస్క్ మొహం మీద ఆనించి, పై పట్టీ నడినెత్తి మీదికి, కింది పట్టీ మెడ వెనక్కి వేసి, రెండు పక్కలా సమానంగా లాగండి. ఒక పక్కే లాగితే వంకరపోతుంది, మరీ బిగిస్తే అంచు ముడతపడి అక్కడే సందు వస్తుంది. ఇప్పుడు రెండు అరచేతులతో ఫిల్టర్లు మూసి మెల్లగా ఊపిరి లోపలికి లాగండి. మాస్క్ మొహానికి లోపలికి అతుక్కుని కొన్ని క్షణాలు అలాగే ఉండాలి. తర్వాత ముందున్న వాల్వ్‌ని అరచేత్తో మూసి మెల్లగా ఊదండి, మాస్క్ కొంచెం ఉబ్బాలి తప్ప అంచుల్లోంచి గాలి పోకూడదు. కంట్లోకి గాలి తగిలితే ముక్కు దగ్గర సందు ఉన్నట్టు. ఇంకో గుర్తు: గంట శాండింగ్ చేసి మాస్క్ తీశాక లోపలి అంచుని తెల్ల గుడ్డతో తుడవండి. గుడ్డకు పొడి అంటిందంటే ఎక్కడ అంటిందో అక్కడి నుంచే మీరు పీల్చుతున్నారు.

గడ్డం గురించి మీకు నచ్చకపోయినా చెప్పాలి. మాస్క్ అంచు ఆనే చోట వెంట్రుక ఉంటే ఏ మాస్కూ పనిచేయదు. రెండు రోజుల గరుకు గడ్డం కూడా అంచుని ఎత్తి పట్టుకుంటుంది. మీసం లోపలే ఉండిపోతే ఇబ్బంది లేదు. దీక్షలో ఉన్నవాళ్లో, మతాచారం వల్ల తీయనివాళ్లో అయితే వాళ్లకి వేరే దారి ఉంది: నడుముకో తలకో కట్టుకునే చిన్న ఫ్యాన్, ఫిల్టర్ గుండా గాలి లాగి తల మీది తొడుగులోకి వదులుతుంది. అది మొహానికి అతుక్కోనక్కర్లేదు, కళ్లద్దాలు మసకబారవు, లేత్ మీద కర్ర తిప్పేవాళ్లకు మొహానికి అడ్డుగా కూడా ఉంటుంది. కానీ ఖరీదు మీ బడ్జెట్‌కి చాలా దూరం. మా కుర్రాడొకడు మాల వేసుకున్న నలభై రోజులూ వాడికి శాండింగ్ ఇవ్వకుండా ఫిట్టింగ్ పనే ఇచ్చాను. మాల తీశాకే శాండర్ పట్టించాను.

కళ్లద్దాలకు మాత్రం మీకు శుభవార్త. గుడ్డ మాస్క్‌లో ఊపిరి పైకి వచ్చి అద్దం మసకబారుతుంది, ఈ హాఫ్ మాస్క్‌లో వదిలే ఊపిరి ముందున్న వాల్వ్‌లోంచి పోతుంది. మాస్క్ పెట్టుకున్నా అద్దాలు మసకబారుతున్నాయంటే మళ్లీ ముక్కు దగ్గర సందే. కరోనా అప్పుడు, 2020 జూలైలో, వాల్వ్ ఉన్న ఎన్95 వాడొద్దని కేంద్ర ఆరోగ్య శాఖ చెప్పింది కదా, అందుకని ఇప్పటికీ వాల్వ్ అంటే భయపడేవాళ్లున్నారు. అది మన ఊపిరిలోంచి వైరస్ ఎదుటివాళ్లకు పోతుందని చెప్పిన మాట. చెక్క పొడికి మనం వదిలే గాలితో పనిలేదు, లోపలికి వచ్చేదే ముఖ్యం. పైగా మే నెలలో మా గోదావరి ఉక్కపోతలో వాల్వ్ లేకుండా పావుగంట కూడా ఉండలేం.

ఉక్క అన్నాను కాబట్టి, వాడేవాళ్లు ఎక్కువగా మాస్క్ తీసేసేది మూడు కారణాలకి: చెమట, ఫోను, పక్కవాడితో మాట. ఫోను మోగగానే మాస్క్ కిందికి లాగి, శాండింగ్ పొడి ఇంకా తేలుతున్న గదిలోనే నిలబడి పది నిమిషాలు మాట్లాడతారు. నేనూ చేశాను. మిషన్ ఆపగానే పొడి ఆగిపోదు, సన్నటిది చాలాసేపు గాలిలోనే తేలుతుంది. ఫోను మాట్లాడాలంటే షెడ్డు బయటికి వచ్చి తీయండి. అందుకే 7500 లాంటి వాటిలో పట్టీలు విప్పకుండా మాస్క్‌ని ఛాతీ మీదికి వదిలేసే అమరిక నాకు నచ్చింది, బయటికి వచ్చి వదిలేసి, లోపలికి వెళ్లేముందు మళ్లీ ఎక్కించుకోవచ్చు. ఎక్కించిన ప్రతిసారీ అరచేతుల పరీక్ష మాత్రం తప్పదు. చీపురుతో ఊడ్చేటప్పుడూ మాస్క్ ఉండాలి. రంపం కోసేటప్పుడు కట్టుకుని, ఊడ్చేటప్పుడు తీసేసేవాళ్లు అంతసేపూ తప్పించుకున్న పొడినంతా చివర్లో పీల్చేస్తున్నట్టే. ఊడ్చడం కంటే వాక్యూమ్ పెట్టడమో, తడి గుడ్డతో తుడవడమో మేలు. బట్టల మీది పొడిని కంప్రెసర్ గాలితో ఊదుకునే అలవాటు ఉంటే ఈరోజే మానేయండి.

ఇంకో చిన్న విషయం, ఎవరూ చెప్పరు. కొన్ని ఫిల్టర్లు, ముఖ్యంగా ప్లాస్టిక్ డబ్బాలో ఉన్నవి, పక్కలకు పొడుచుకొచ్చి కింది చూపుకి అడ్డొస్తాయి. కట్టర్ మీద గీత చూస్తూ కోసేటప్పుడు అది నిజంగా ప్రమాదం. పలుచటి బిళ్ల రకం, అంటే 2091 లాంటివి, చెక్క పనికి హాయి. డబ్బా రకం అయితే బిళ్లకి గరుకు దెబ్బలు తగలకుండా ఉంటుంది, లోహం, సిమెంటు పనివాళ్లకు అది బాగు.

పాలిష్ ప్రశ్నకి వస్తాను, ఇక్కడ పొరపాటు పడకండి. పొడి ఫిల్టర్ థిన్నర్ ఆవిరిని ఆపదు. పీ100 పెట్టుకుని మెలమైన్ పాలిష్ స్ప్రే చేస్తే తుంపర ఆగుతుంది, ఆవిరి నేరుగా లోపలికి వస్తుంది. 2097 లాంటి పొడి ఫిల్టర్లలో పలుచటి కార్బన్ పొర ఉంటుంది, అది చిరాకు పెట్టే కొద్దిపాటి వాసనలకే, స్ప్రే పనికి కాదు. స్ప్రేకి ఆర్గానిక్ వేపర్ క్యాట్రిడ్జ్ (థిన్నర్ లాంటి ఆవిరిని పీల్చుకునే బొగ్గు డబ్బా), అమెరికా ప్రమాణంలో నల్ల పట్టీ, యూరప్‌లో గోధుమ పట్టీ ఉన్నది, దాని మీద తుంపర కోసం పొడి ఫిల్టర్ పొర కూడా వేయాలి. క్యాట్రిడ్జ్‌లోని బొగ్గు గాలి తగిలినంతసేపూ వాసనలు పీల్చుకుంటూనే ఉంటుంది, బల్ల మీద వదిలేస్తే వాడకుండానే అయిపోతుంది, మూత గట్టిగా ఉన్న డబ్బాలో పెట్టాలి. మాస్క్ లోపల వాసన తెలిసిందంటే అప్పటికే ఆలస్యం, ముందే మార్చాలి. ఇక రెండు డబ్బాల పీయూ (పాలీయురెథేన్) పాలిష్, అందులో హార్డెనర్ కలుపుతారు కదా, దాంట్లో ఐసోసైనేట్ ఉంటుంది. అది హద్దు దాటినా వాసన తెలియదు, ఉబ్బసం తెస్తుంది. మేడ మీద షెడ్డులో, ఇంట్లో పిల్లలు ఉండగా, అది స్ప్రే చేయొద్దని నా మాట. బయట స్ప్రే బూత్ ఉన్నవాళ్లకి ఇచ్చి చేయించుకోండి. మీ చేత్తోనే చేయాలనుకుంటే నీళ్లతో కలిపే పాలిష్ బ్రష్‌తో వేసుకోండి.

ఫిల్టర్లు ఎప్పుడు మార్చాలని అందరూ అడుగుతారు. పొడి ఫిల్టర్‌కి ఇన్ని గంటలని లెక్క లేదు. పొడి పేరుకున్న కొద్దీ ఊపిరి లాగడం బరువవుతుంది, బరువైనా, చిరిగినా, తడిసినా, లోపలివైపు మరక పడినా మార్చేయండి. మీలా సెలవు రోజుల్లో వాడితే ఒక జత చాలా నెలలే వస్తుంది, మా షాపులో రోజూ వాడే శాండింగ్ కుర్రాళ్లకి నెలన్నరకు మారుస్తాను. ఫిల్టర్లు కడగకూడదు, దులపకూడదు, కంప్రెసర్‌తో ఊదకూడదు. ఊదితే లోపలి పోగులు చెదిరి చిల్లులు పడతాయి, పైకి కొత్తగా కనిపిస్తుంది, ఏమీ ఆపదు. మాస్క్‌ని మాత్రం ఫిల్టర్లు తీసి గోరువెచ్చటి నీళ్లలో కొంచెం సబ్బుతో కడిగి నీడలో ఆరబెట్టండి. థిన్నర్‌తో తుడవొద్దు. ముందున్న వాల్వ్ మూత తీసి, లోపల గుండ్రటి పలుచటి రబ్బరు రేకు ఉంటుంది, దాని కింద పొడి లేకుండా చూసుకోండి. ఒక్క రేణువు ఇరుక్కున్నా రేకు మూసుకోదు, లోపలికి లాగే ప్రతి ఊపిరికీ అక్కడి నుంచి పొడిగాలి వస్తుంది. ఆ రేకు గట్టిపడితే విడిగా దొరుకుతుంది. కడిగాక మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టండి, మేకుకి తగిలిస్తే పొడంతా లోపలే పడుతుంది.

మాస్క్ ఒక్కటే నమ్ముకోకండి. హాఫ్ మాస్క్ సరిగ్గా కుదిరితే పీల్చే పొడి పదో వంతుకు తగ్గుతుందని అమెరికా కార్మిక భద్రతా లెక్క. పది ఉన్నది ఒకటి అవుతుంది, సున్నా కాదు. బ్రిటన్‌లో గట్టి కర్ర పొడికి పెట్టిన హద్దు ఎనిమిది గంటల సగటున ఘనపు మీటరు గాలికి 3 మిల్లీగ్రాములు, అంటే చిటికెడులో కూడా చిన్న భాగం. గాలి ఆడని షెడ్డులో ఎండీఎఫ్‌కి రౌటర్ పెడితే ఆ హద్దు దాటడానికి ఎంతోసేపు పట్టదు. కాబట్టి శాండర్‌కి వెనక పైపు పెట్టే చోటు ఉంటుంది, దానికి వాక్యూమ్ తగిలించండి. ఎండీఎఫ్ కోతలు షెడ్డు బయట, గాలికి వీపు పెట్టి చేయండి. ఎండీఎఫ్ పొడి మైదాపిండిలా సన్నంగా ఉంటుంది, అందులో ఫార్మాల్డిహైడ్ జిగురు కూడా ఉంటుంది.

బడ్జెట్ లెక్క: నేను కిందటిసారి 6200, ఒక జత పీ100 బిళ్లలు కలిపి కొన్నప్పుడు రెండున్నర వేలు దాటింది, మూడు వేలలోపే వచ్చింది. మిగిలింది వాల్వ్ రేకుకో, ఇంకో జత బిళ్లలకో ఉంచుకోండి. అంత ఇప్పుడు కుదరదంటే, తల వెనక రెండు పట్టీలు ఉండి ముక్కు దగ్గర వంచుకునే రేకు ఉన్న మంచి ఎన్95 లేదా ఎఫ్‌ఎఫ్‌పీ2 తీసుకోండి. చెవులకు తగిలించేవి నేను చూసినంతలో దవడ కదిపితే జారిపోతాయి.

మీకు ఇప్పటికే ఉబ్బసమో గుండె జబ్బో ఉంటే కొనేముందు డాక్టరుని అడగండి, ఫిల్టర్ గుండా పీల్చడం ఎంతో కొంత శ్రమే. మాస్క్ వచ్చాక అరచేతుల పరీక్షలో లోపలికి అతుక్కోకపోతే, అద్దం ముందు పెట్టుకున్న ఫొటో ఒకటి ముందు నుంచి, ఒకటి పక్క నుంచి ఇక్కడ పెట్టండి. సైజుదా పట్టీలదా చూసి చెబుతాను.